నలభై ఒకటికి పలికిన గొంతు

సార్జెంటు పోయి నెల కావస్తోంది. సిపాయిల శ్మశానంలో మట్టి ఆరింది, రాయి మాత్రం లేవలేదు. రాయి మీద పేరూ నంబరూ చెక్కించడానికి ఆయన భార్య ఒప్పుకోవడం లేదు. ఎందుకని కూతురు అడిగితే "ఆగు" అంటుంది. ఎన్నాళ్ళంటే "ఆగమన్నానుగా" అంటుంది. కూతురు విసిగిపోయి, తల్లికి చెప్పకుండా, రాళ్ళు చెక్కే మేస్త్రీకి మాట ఇచ్చేసింది. ఆదివారం సాయంత్రం ఉలి పడుతుంది. అదే ఆదివారం మధ్యాహ్నం, సార్జెంటుతో కలిసి యుద్ధం చేసిన ముగ్గురు ముసలివాళ్ళు ఆయన్ని తలుచుకోవడానికి ఇంటికి వచ్చారు. అసలు కథ అక్కడే మొదలైంది.

ముందు గదిలో కుర్చీలు చాలలేదు. ఎదురింటి దర్జీ తన షాపులోని బల్ల మోసుకొచ్చి గోడవారగా వేశాడు. కిటికీ కింద చిన్న మేజా మీద సార్జెంటు ఫోటో పెట్టారు. ఫోటోలో ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. తీసినవాడు కదలొద్దన్నాడనీ, ఆ మాట వినగానే కునుకు పట్టిందనీ ఆయన చెప్పేవాడు. ఇంకో ఫోటో పెడదామని కూతురు వెతికింది. మిగతా అన్నిటిలోనూ ఆయన నవ్వుతూ కదిలిపోయాడు.

నిజానికి ఆయన సార్జెంటు కాడు. సైన్యంలో సిపాయిగా చేరాడు, సిపాయిగానే బయటికి వచ్చాడు. ఆ ప్రమోషన్ వీధివాళ్ళు ఇచ్చింది.

"నాకు సైకిలు నేర్పింది ఆయనే," అన్నాడు దర్జీ. "వెనక సీటు పట్టుకుని ఈ చివర్నించి ఆ చివరకి పరిగెత్తేవాడు. తిట్టేవాడు. బ్యాలెన్సు, బ్యాలెన్సు అని అరిచేవాడు. వచ్చేసింది నాకు. అప్పుడు చెప్పాడు, 'ఇప్పుడు నాకు నేర్పవోయ్, నేనెప్పుడూ ఎక్కలేదు' అని."

గది నవ్వింది. సెలూన్ అతను ముందుకు జరిగాడు.

"మా షాపుకి వారం వారం వచ్చేవాడు. తలకాయ మీద ఏముందని? చెవుల పక్క నాలుగు పోచలు. కుర్చీలో కూర్చుని అద్దంలో చూసుకుంటూ, 'మిగిలినవాళ్ళని వరసలో నిలబెట్టవోయ్, ఒక్కడు కూడా పారిపోకూడదు' అనేవాడు. నా కత్తెర వణికేది నవ్వాపుకోలేక. ఒకసారి నిజంగానే ఒకడిని నరికేశాను. లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు, పోయిన వెంట్రుకకి."

కూతురు కూడా చెప్పింది. ఆమెకి కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్‌లో పని. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పిండి కలిపి పోసి, ఆరాక ఆ నమూనాల మీద పళ్ళు కూర్చే పని. తండ్రికి పై వరసలో దవడ పళ్ళు రెండు పోతే అచ్చు తనే తీసింది. "నోరు తెరువు నాన్నా అన్నాను. తెరిచాడు. అచ్చు తీసేశాను, కడిగేశాను, పిండి కలిపేశాను. వెనక్కి తిరిగి చూస్తే ఇంకా తెరిచే ఉన్నాడు. ఏమైంది నాన్నా అంటే చేత్తో సైగ చేస్తున్నాడు. నేను స్టాండెటీజ్ అని ఆర్డరు ఇవ్వలేదట."

ఈసారి ముసలి సిపాయిలు కూడా నవ్వారు. వాళ్ళలో పెద్దవాడు సైన్యంలో బూర ఊదేవాడు. కూతురికి ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన బూర మావయ్య. ఆయన నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, చేతికర్ర గోడకి ఆనించి లేచాడు.

"ఇక పిలుద్దాం," అన్నాడు.

అందరూ లేచారు. ఆ దళంలో ఒక పద్ధతి ఉంది. నలుగురు కలిసినప్పుడల్లా హాజరు పిలుస్తారు. పేర్లు పిలవరు. నంబర్లో చివరి రెండంకెలు పిలుస్తారు. పోయినవాళ్ళ నంబర్లు కూడా వదలరు. పోయినవాడి నంబరు వచ్చినప్పుడు, వరసలో అతని పక్కన నిలబడే మనిషి బదులు పలుకుతాడు. ఆ పక్కవాడు కూడా పోతే ఇంటివాళ్ళు పలకాలి. ఎవరూ పలకని నంబరు ఉండకూడదు.

కూతురికి ఇది చిన్నప్పటినుంచీ తెలుసు. ఇదే గదిలో, ఇదే కిటికీ దగ్గర నిలబడి, తండ్రి రెండుసార్లు పలికేవాడు. ముప్పై ఎనిమిదికి ఒకసారి, నలభై ఒకటికి ఒకసారి. ముప్పై ఎనిమిది ఆయన సొంత నంబరు. నలభై ఒకటి కొండ మీద పోయిన స్నేహితుడిది. ఇంట్లో అందరికీ అలాగే తెలుసు. "రెండు నంబర్లకి ఒకటే నోరు నాన్నా, అలిసిపోవా?" అని ఆమె అడిగితే, "అందుకేగా టీ రెండు కప్పులు తాగేది" అనేవాడు.

బూర మావయ్య కళ్ళు మూసుకుని పిలవడం మొదలుపెట్టాడు. ఒక నంబరు పిలిచి ఆగుతాడు. జవాబు వచ్చాక ఇంకొకటి. ముగ్గురూ వంతులవారీగా, పోయిన తమ పక్కవాళ్ళకి పలుకుతున్నారు. కుర్చీల మధ్య నిలబడిన వీధివాళ్ళు తలలు వంచుకున్నారు.

"ముప్పై ఎనిమిది."

కూతురు ఊపిరి పీల్చుకుని, "హాజర్" అంది.

ముగ్గురు ముసలివాళ్ళూ నేల చూశారు. తను సరిగ్గా పలకలేదేమో అనుకుంది కూతురు.

"నలభై ఒకటి."

ఆ నంబరుకి ఇప్పుడు ఎవరూ లేరు. ఆ సంగతి ముందుగా అనుకోలేదని కూతురికి అప్పుడే తట్టింది. తనే పలుకుదామని నోరు తెరవబోయింది.

"హాజర్!"

వంటింట్లోంచి వచ్చింది ఆ గొంతు. మొదటి అక్షరం మీద బరువు, చివర కొంచెం పైకి లేపి, అక్కడే నవ్వు దాచుకున్నట్టు ఆపేయడం. సార్జెంటు పలికే తీరు అదే. వీధిలో ఎవరిని అడిగినా చెప్తారు. దర్జీ చేతిలో కప్పు కింద పడింది. సెలూన్ అతను ఫోటో వంక చూసి వెంటనే కళ్ళు తిప్పుకున్నాడు.

వంటింటి గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. చేతిలో తడి పళ్ళెం, తుడిచే గుడ్డ. నెల రోజులుగా ఆమె నలుగురిలో నోరు విప్పలేదు.

వీధివాళ్ళందరూ ఉలిక్కిపడ్డారు. ముగ్గురు సిపాయిలు ఉలిక్కిపడలేదు. ముగ్గురూ ఆమె వైపు తిరిగి, మోకాళ్ళు సహకరించినంత మేర, అటెన్షన్‌లో నిలబడ్డారు. ముప్పై ఎనిమిదికి అలా నిలబడలేదు. కూతురు అది చూసింది.

జనం వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఎవరూ జోకులు వెయ్యలేదు. మిగతా ఇద్దరు సిపాయిలు ఆటో ఎక్కారు. బూర మావయ్య మాత్రం బూట్లు వేసుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు. కూతురు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"వెళ్ళొద్దు మావయ్యా. కూర్చోండి."

"మందులేసుకునే టైమయింది తల్లీ."

"ఇక్కడే వేసుకోండి. నీళ్ళిస్తాను." వంటింటి వైపు తిరిగింది. "అమ్మా, ఇలా రా."

తల్లి వచ్చి దర్జీ బల్ల మీద కూర్చుంది. పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని మళ్ళీ తుడుస్తోంది.

"నలభై ఒకటికి నువ్వెందుకు పలికావు?"

"ఇంటివాళ్ళు పలకాలిగా."

"ఆ నంబరు మన ఇంటిది కాదు."

"మనింటిదే," అంది తల్లి.

బూర మావయ్య మాత్ర మింగి, గ్లాసు కింద పెట్టాడు. "చెల్లెమ్మా, ఇప్పుడెందుకు? వాడు పోయాడు. హాయిగా పోనివ్వు."

"అన్నయ్యా, మీరు మందు వేసుకున్నారుగా. అదే నోటితో ఈ పిల్లకి చెప్పండి. నేను చెప్తే ముసల్దానికి మతి పోయిందంటుంది."

"నేనెప్పుడన్నాను అలాగ?"

"నిన్న. ఫోన్లో. మీ ఆయనతో."

బూర మావయ్య చాలాసేపు తన చేతికర్ర పిడి చూసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"అమ్మాయ్, మీ నాన్న పళ్ళ అచ్చు తీశానన్నావు. కింది వరస కూడా తీశావా?"

"రెండూ తీస్తాం. ఎందుకు?"

"ముందు పళ్ళు ఎన్ని ఉన్నాయి, కింద?"

"అన్నీ ఉన్నాయి. ఒకటి కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. అంతే."

"సొంత పళ్ళేనా?"

"నాకు తెలియదా మావయ్యా? సొంతవే."

ముసలాయన తల ఊపాడు. "ముప్పై ఎనిమిదికి కింద ముందు పళ్ళు రెండు లేవు. కందకంలోకి దూకుతుంటే నా బూర తగిలి ఊడిపోయాయి. చూసుకోకుండా దూకింది నేను. ఇంకొకడైతే నా పీక పిసికేవాడు. అతను ఒక్క మాట అనలేదు. మట్టిలో తడుముకుని, రెండు పళ్ళూ ఏరుకుని, జేబులో వేసుకున్నాడు. అతను మాట్లాడేవాడు కాదు. అతని మాటలు కూడా పక్కవాడే మాట్లాడేవాడు. పక్కవాడు నలభై ఒకటి. వాగుడుకాయ. కాల్పులు జరుగుతున్నా జోకు మధ్యలో ఆపేవాడు కాదు."

కూతురు లేచి బీరువా తెరిచింది. తండ్రి పోయాక ల్యాబ్ నుంచి ఆ నమూనా ఇంటికి తెచ్చుకుంది. పారెయ్యలేక, ఎవరికీ చూపించలేక, దుప్పట్ల వెనక పెట్టింది. తెచ్చి మేజా మీద, ఫోటో పక్కన పెట్టింది. తెల్లటి పిండిలో రెండు వరసలు. పెదవులూ బుగ్గలూ లేని నవ్వు. కింది వరస మీద వేలు పెట్టి ఈ చివర్నించి ఆ చివరకి జరిపింది. వేలు ఎక్కడా ఖాళీలో పడలేదు.

"అంటే?" అంది.

తల్లి పళ్ళెం తుడవడం ఆపింది.

"అమ్మా. అంటే నాన్న నాన్న కాదా?"

"మీ నాన్న మీ నాన్నే," అంది తల్లి విసుగ్గా. "అద్దంలో ఆ ముక్కు చూసుకుంటే తెలియట్లా? నీకు ఆయనే నాన్న. నాకే, మొదట వేరే ఆయన."

ఆమె పళ్ళెం పక్కన పెట్టింది. గుడ్డని మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"పెళ్ళయి నెల తిరక్కుండా ఆయన యుద్ధానికి వెళ్ళిపోయాడు. నేనూ మీ నాన్నమ్మా మిల్లు పని వెతుక్కుంటూ ఈ ఊరొచ్చాం. ఇక్కడ ఆయన్ని చూసినవాళ్ళు లేరు. నాకా, పుట్టింటివాళ్ళే లేరు. మీ నాన్నమ్మకి అప్పటికే చూపు పోయింది. యుద్ధం అయిపోయిందని రేడియోలో చెప్పారు. మిల్లులో మిగతా ఆడవాళ్ళ మొగుళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. ఒకరోజు పొద్దున మన గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. భుజాన సంచీ. సంచీ మీద కుట్టు నాదే, నేనే వేసింది. మనిషి ఎవరో నాకు తెలియదు."

"చెప్పడానికి వచ్చాడు," అన్నాడు బూర మావయ్య. "మేమే పంపాం. పక్కవాడి పని అది."

"చెప్పడానికే వచ్చాడని నాకు తెలిసింది. అలాంటివాళ్ళు గుమ్మానికి ఎదురుగా నిలబడరు. కొంచెం పక్కకి నిలబడతారు. మిల్లు క్వార్టర్లలో చూశాను చాలామందిని. నేను ఇంకా నోరు విప్పలేదు. చప్పుడు విని, లోపల్నించి మీ నాన్నమ్మ కొడుకుని పేరు పెట్టి పిలిచింది."

"అప్పుడు?"

"హాజర్ అన్నాడు."

కూతురు బూర మావయ్య వైపు చూసింది. ఆయన రెండు చేతులూ కర్ర మీద పెట్టి తల వంచుకున్నాడు.

"అలవాటు తల్లీ. ముప్పై ఎనిమిది కనబడకుండా పోయిన రోజు నుంచీ, ఆ నంబరు పిలిచినా ఆ పేరు పిలిచినా వాడే పలికేవాడు. నిద్రలో పిలిచినా పలికేవాడు. ఆ గుమ్మంలోనూ అంతే. వాడు అబద్ధం ఆడలేదు. స్నేహితుడికి పలికాడు. అది ఇల్లని మర్చిపోయాడు."

"మీ నాన్నమ్మ గోడ పట్టుకుని వచ్చి మొహం తడిమింది," అంది తల్లి. "చిక్కిపోయావురా అంది. మీ నాన్న నా వంక చూశాడు. ఆ మొహం నేను చచ్చినా మర్చిపోను. చూస్తూనే, 'నీ కోడలు తిండి పెట్టనీ, గుమ్మం పట్టకుండా అయిపోతాను' అన్నాడు. మీ నాన్నమ్మ నవ్వింది. ఆమె నవ్వగా అంతకుముందు నేను చూడలేదు. ఆ రాత్రి చెప్తాడనుకున్నాను. మర్నాడు చెప్తాడనుకున్నాను. జోకులు చెప్పాడు."

"నాన్నమ్మకి తెలియలేదా?"

"తల్లికి తెలియకుండా ఉంటుందా? పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, 'నాకు ఇద్దరు కొడుకులే, ఒకడు మాట్లాడడు' అంది. మీరంతా మతి తప్పిందన్నారు."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"సైన్యం నుంచి ఒక మనిషి వచ్చాడు, కొన్నాళ్ళకి," అంది తల్లి. "ఇతను మీ భర్తేనా అని అడిగాడు. అవునన్నాను."

"ఎందుకన్నావు?"

"కాదంటే, మరి మీ ఆయన ఏడీ అంటాడు. దానికి జవాబు వినబుద్ధి కాలేదు."

కూతురికి ఇప్పుడు అర్థమైంది, రాయి సంగతి. అయినా అడిగింది. "అందుకేనా పేరు వద్దంటున్నావు? అది నాన్న పేరు కాదనా?"

"కాదు. అది మీ నాన్న వాడుకున్న పేరు, వాడుకోనీ. నాకు పట్టింపు లేదు." తల్లి మొదటిసారి కూతురి కళ్ళలోకి చూసింది. "ఆ పేరుగల మనిషి పోయాడని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదే. చెప్పడానికి వచ్చినవాడు చెప్పకుండానే ఉండిపోయాడు. నేనూ అడగలేదు. రాతి మీద చెక్కితే నాకు చెప్పినట్టు అవుతుంది. రాయి చేత చెప్పించుకోను."

"మావయ్యా, అయితే మీరు చెప్పండి. ముప్పై ఎనిమిది ఎలా పోయాడు?"

బూర మావయ్య జవాబు చెప్పడానికి ముందు పళ్ళ నమూనాని గోడవైపు తిప్పి పెట్టాడు. దాని ఎదురుగా మాట్లాడటం ఇష్టం లేనట్టు.

"పొగ. ఎదర చెయ్యి కనబడలేదు. ఆ చివర కందకంలో వాళ్ళిద్దరే ఉన్నారు. పొగ తగ్గాక మీ నాన్న ఒక్కడే వచ్చాడు, రెండు సంచులతో. ముప్పై ఎనిమిది ఏడిరా అని అడిగాను. 'పక్కనే ఉన్నాడు' అన్నాడు. కొండంతా వెతికాం. ఏమీ దొరకలేదు. బూటు కూడా దొరకలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే మాట. పక్కనే ఉన్నాడు. అని, నవ్వేసి, ఇంకేదో చెప్పేవాడు. నీకు చెప్పడానికి నా దగ్గర వార్త లేదు చెల్లెమ్మా. అప్పుడూ లేదు."

గోడ గడియారం చూసి కూతురు లేచింది. ఎండ కిటికీ దిగిపోతోంది.

"అమ్మా, నేనొక పని చేశాను," అంది.

"తెలుసు. మేస్త్రీకి చెప్పావు. ఫోన్లో గుసగుసలాడితే నాకు వినబడదనుకుంటావు."

కూతురు ఫోను తీసుకుంది. అవతల చాలాసేపు మోగింది. మేస్త్రీ ఎత్తగానే వెనక రాళ్ళ షెడ్డులో ఎవరో నీళ్ళు చల్లుతున్న చప్పుడు వినబడింది.

"మేస్త్రీగారూ, మొదలుపెట్టేశారా? ఆపండి. పేరు చెక్కొద్దు."

"ఆపేశానమ్మా," అన్నాడు మేస్త్రీ. "మీ ఇంటి పెద్దాయన వచ్చి ఆపించాడుగా."

"మా ఇంటి పెద్దాయనా? ఎవరు?"

"అదే, పేరు నాకూ తెలియదు. రోజూ సాయంత్రం సార్జెంటుగారితో నడిచే ఆయన."

"నాన్న ఒక్కడే నడిచేవాడు."

మేస్త్రీ నవ్వాడు. "మీరు ల్యాబ్‌లో ఉండే టైమమ్మా అది. మీకెలా తెలుస్తుంది? ఇన్నేళ్ళుగా నా షెడ్డు ముందునుంచే కదా వెళ్ళేవాళ్ళు. సార్జెంటుగారు చేతులు ఊపుకుంటూ జోకు చెప్పడం, ఆయన వింటూ పక్కన నడవడం. ఆయన తిరిగి ఒక్క మాట అనగా వినలేదు. ఇవాళా అంతే. ఉలి పెట్టబోతుంటే వచ్చి, రాయి మీద చెయ్యి పరిచి కూర్చున్నాడు. ఎంత అడిగినా పలకడు, చెయ్యి తియ్యడు. ఇదిగో, ఇక్కడే ఉన్నాడు. ఇమ్మంటారా?"

కూతురు ఫోను చెవికి దూరంగా జరిపింది. మేస్త్రీ పెద్ద గొంతు అప్పటికే గదిలో ఇద్దరికీ వినబడింది. బూర మావయ్య లేవబోయి, కర్ర జారి, మళ్ళీ కూర్చుండిపోయాడు.

ఫోనులో మేస్త్రీ గొంతు దూరమైంది. నీళ్ళు చల్లే చప్పుడు ఆగింది. ఎవరో ఫోనుని చెవి దగ్గర పెట్టుకున్నారు. మాట లేదు. ఊపిరి ఉంది.

తల్లి లేచి వచ్చింది. తడిలేని చేతుల్ని మళ్ళీ ఒకసారి గుడ్డకి తుడుచుకుని, కూతురి చేతిలోంచి ఫోను తీసుకుంది. రెండు చేతులతో పట్టుకుంది. ఎవరని అడగలేదు. కాసేపు ఆ ఊపిరి విని, గుమ్మం వైపు తిరిగి నిలబడి, నెమ్మదిగా అడిగింది.

"భోంచేశారా?"